డిపో మైసమ్మను సాగనంపిన అక్క

డిపో అక్క పోయిందని వాళ్ళ కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను దేవుడి గూట్లో దీపానికి వత్తి వేస్తున్నాను. "చిన్నమ్మా, అమ్మ పొద్దుగాల లేవలే" అన్నాడు. దీపం వెలిగించాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. ఆమె అయితే వెలిగించే కదిలేది అనిపించి, వెలిగించి, కొంగు కప్పుకుని వెళ్ళాను. నిద్రలోనే పోయింది. మొహం ప్రశాంతంగా ఉంది, మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చినట్టు.

పదకొండో రోజున గల్లీలో షామియానా వేసి భోజనాలు పెట్టారు. నా పక్కన కూర్చున్న అమ్మాయి ఈ మధ్యనే మన గల్లీకి కాపురానికి వచ్చింది. ఫొటో వైపు చూసి, "అత్తమ్మా, గీమె గంత మంచిగ నవ్వుతున్నది, ఎవరీమె?" అని అడిగింది. నేను నోట్లో ముద్ద మింగేలోగా ఎదురు వరుసలో ఉన్న ఒకామె జవాబు చెప్పేసింది. "గామెనా? మన మైసమ్మను డిపోళ్ళకు అప్పజెప్పిన ఆమె." ఆ మాట అన్నామె అప్పట్లో ఇక్కడ లేదు. చెడ్డ మనిషి కాదు, విన్నది చెప్పింది. నేను ఎప్పటిలాగే ఊరుకున్నాను. కానీ ఇంటికొచ్చి గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆ మాట నన్ను వదల్లేదు. పదో తరగతి అయ్యాక సామాన్ల చీటీలు తప్ప నేను రాసిందేమీ లేదు. అయినా ఇది రాయాలనిపించింది. నోటితో చెప్పమంటే నాకు చేతకాదు. కాగితం మీద అయితే మెల్లగా చెప్పుకోవచ్చు. కొత్తగా వచ్చిన కోడళ్ళు, బిడ్డలు, మీకోసమే ఇది.

ఇప్పుడు మీకు కనిపించే ఆ పొడుగు ప్రహరీ గోడ వెనక ఒకప్పుడు రైలు బోగీల డిపో ఉండేది. దూరాలు పోయి వచ్చిన బండ్లు ఖాళీగా అక్కడికి చేరేవి. వాటిని కడిగి, తుడిచి, నీళ్ళు నింపి, చిన్నచిన్న మరమ్మతులు చేసి పక్కనే ఉన్న ప్లాట్‌ఫాం మీదికి పంపేవాళ్ళు. దూరపు రాష్ట్రాలకు పోయే బండ్లు అక్కడి నుంచే బయలుదేరేవి. వారానికోసారి నేపాల్ సరిహద్దు దాకా పోయే బండి కూడా అక్కడిదే. మన నాచారం, మల్లాపూర్ కంపెనీల గేట్ల దగ్గర కాపలా ఉండే నేపాలీలు ఆ రోజు భార్యాపిల్లలతో, రేకు పెట్టెలతో, కొత్త కుక్కర్లతో మన గల్లీలోంచే నడిచి పోయేవాళ్ళు. సరిహద్దులో దిగి, దాటి, మళ్ళీ బస్సెక్కి తమ కొండల్లోకి పోతారట.

ఆ డిపో లోపల, బోగీలు కడిగే లైను చివర మైసమ్మ గద్దె ఉండేది. పట్టాలు పరిచేటప్పుడు పనివాళ్ళు నిలబెట్టుకున్న రాయి అంటారు. దాని చుట్టూ పాత బోగీల రేకులతోనే చిన్న గుడి కట్టారు. మంగళవారం, శుక్రవారం బస్తీ ఆడవాళ్ళను లోపలికి రానిచ్చేవాళ్ళు. పిల్లలకు పుట్టెంటికలు తీసినా, తట్టు పోసినా, కొత్త కోడలు వచ్చినా అందరం అక్కడికే. బోగీ కిందికి దూరే ముందు డిపో వాళ్ళూ ఆ తల్లికే దండం పెట్టుకునేవాళ్ళు.

అక్క భర్త ఆ డిపోలో ఫిట్టరు. ఆయన డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత అక్కకు బోగీలు కడిగే పని ఇచ్చారు. అంతవరకు ఆమె నాచారం మార్కెట్టుకు కూడా ఒంటరిగా పోయిన మనిషి కాదు. మొదటి రోజు చీర కాస్త పైకి చెక్కి, కింద మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని గల్లీలోకి వస్తే నవ్వనివాళ్ళు లేరు. ఆమె ఆగింది. నడుం మీద చెయ్యి పెట్టింది.

"నవ్వుండ్రి, మస్తు నవ్వుండ్రి. ఇంకమీద మీరు ఊర్లకు వోయే బండ్లు కడిగేది నేనే, యాదివెట్టుకోండ్రి."

అలా ఆమె మాకు డిపో అక్క అయింది. అసలు పేరు పిలిచేవాళ్ళు పోను పోను ఎవరూ మిగల్లేదు.

పని చేసే తీరు ఆమెది వేరు. కిటికీ బయట నుంచి కడిగాక లోపలికి వెళ్ళి, ఆ సీట్లో కూర్చుని బయటికి చూసేది. ఎక్కడన్నా మరక కనిపిస్తే మళ్ళీ దిగి తుడిచేది. ఒకసారి పై ఆఫీసరు చూసి, "పని ఇడిసిపెట్టి కూసున్నవేంది?" అని అరిచాడట. "కూసుంటెనే గద సార్ కనవడేది" అన్నదట ఆమె. ఇంట్లో అన్నం వండినా, ముగ్గు వేసినా మాకు అదే మాట చెప్పేది: "ఎక్కెటోని కండ్లతోని సూడాలె సెల్లె. మన కండ్లకు అన్నీ మంచిగనే కనవడ్తయ్."

రోజూ డ్యూటీ ఎక్కే ముందు మైసమ్మ గద్దె కడిగి, పసుపు రాసి, దీపం పెట్టేది. బోగీలు తోమే కుంచె లాంటిదే ఇంకొకటి గుడికని విడిగా దాచుకుంది. "అమ్మవారిని గూడ బోగీ లెక్కనే తోముతున్నవ్ గదనే" అని ఎవరో ఎగతాళి చేస్తే, "నాకు ఒచ్చిన తోముడు ఒక్కటే. అమ్మకు గూడ గదే" అనేసింది. దీపం పెట్టకుండా చాయ్ కూడా తాగేది కాదు.

ఆమె నాకు చేసిన మేలు ఒకటి చెప్పాలి. మా ఆయన మల్లాపూర్‌లో చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఒకసారి మిషన్లో చెయ్యి నలిగి దవాఖానాలో పడ్డాడు. డాక్టరు వచ్చేవాడు, ఇంగ్లీషులో నర్సుకు ఏదో చెప్పి వెళ్ళిపోయేవాడు. వేళ్ళు ఉంటాయా పోతాయా అని అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు నిలబడేదాన్ని. అక్క డ్యూటీ దిగి, ఇంటికి కూడా పోకుండా వచ్చింది. ఒంటి మీద సబ్బు, ఫినాయిలు వాసన. డాక్టరుకు ఎదురెళ్ళి, "సారూ, గీమె పెనిమిటి చెయ్యి సంగతి గీమెకు తెలుగుల జెప్పుండ్రి" అంది. ఆయన చెప్పాడు. వేళ్ళు ఉంటాయన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

బయటికొచ్చాక ఆమె నా వైపు తిరిగి, "ఇయ్యాల నేనడిగిన. రేపు నువ్వడగాలె. ఫికర్ జెయ్యకు, నేను ఎన్కనే నిలబడ్త" అంది. నిలబడింది. నేను అడిగాను. నా జీవితంలో గట్టిగా ఒక ప్రశ్న అడిగిన మొదటి రోజు అదే. మా ఆయన ఈరోజుకీ ఆ చేత్తోనే అన్నం తింటున్నాడు.

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో వస్తుందని కొలతలు తీస్తున్న రోజుల్లో డిపో తరలిపోతుందని కబురు వచ్చింది. బండ్లు పొడుగయ్యాయి, ఇక్కడి లైన్లు చాలడం లేదు. ఘట్‌కేసర్ వైపు, ఊరి బయట పెద్ద జాగాలో కొత్త డిపో కడుతున్నారు. దూరపు బండ్లు ఎక్కే స్టేషను కూడా దాని పక్కకే పోతుంది. ఇది బాధపడాల్సిన సంగతేమీ కాదు. అక్కడ గాలి, వెలుతురు ఎక్కువ, కడగడానికి మంచి ఏర్పాట్లు ఉన్నాయని అక్క చూసి వచ్చి చెప్పింది. పనివాళ్ళు పొద్దున్నే ఖాళీ బండిలో ఎక్కి పోవచ్చు. ఆమెకు రిటైర్మెంటు కూడా దగ్గర్లోనే ఉంది. అంతవరకు ఎవరికీ మైసమ్మ సంగతి తోచలేదు.

ఆ సంగతి లేవనెత్తింది డిపోలో బోగీలకు రంగులు వేసే పెయింటర్ అన్న చేతి అలవాటు. డిపోలో ఒక బోగీకి పెద్ద మరమ్మతు చేసి రంగు వేశాక, దాని చివరి గోడ మీద ఆ రోజు తేదీ రాస్తారు. మళ్ళీ మరమ్మతుకు ఎప్పుడు వాపసు రావాలో ఆ తేదీ కూడా కింద రాస్తారు. పెయింటర్ అన్న ఏటా బోనాల ముందు మైసమ్మ గుడికి కూడా ఆ బోగీల నీలం రంగే వేసేవాడు. వేశాక, అంకెలు కోసిన అచ్చు రేకు పెట్టి గుడి గోడ మీద కూడా ఆ రెండు తేదీలు రంగుతో కొట్టేవాడు. అందరం నవ్వుకునేవాళ్ళం, ఎవరూ తుడిచేవాళ్ళు కాదు. సామాన్లు తరలించే కాంట్రాక్టరు మనుషులు వచ్చినప్పుడు, నీలం రంగు, బోగీ రేకులు, తేదీలు చూసి ఇది కూడా డిపో సామానే అనుకున్నారు. నీళ్ళ ట్యాంకుకు, ఇనుప నిచ్చెనలకు, ఆఫీసు బల్లలకు గీసినట్టే మైసమ్మ గుడి మీద కూడా తెల్ల సుద్దతో ఒక పెద్ద గుర్తు గీసి పోయారు.

శుక్రవారం మేమంతా వెళ్ళేసరికి ఆ గుర్తు కనిపించింది. మన గల్లీ మూల మీద కిరాణా దుకాణం నడిపే అత్త అప్పట్లో బస్తీలో పెద్ద ముత్తైదువ. ఆమె మాటకు ఎదురు ఉండేది కాదు.

"ఎవడే గీ సుద్ద గీసింది? అమ్మవారేమన్న ఇనుప బీర్వనా?"

డిపో మేస్త్రి మామ టవలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. "మేం గీయలే అత్తా. గీసినోడు తెల్వక గీసిండు గని, మంచిగనే గీసిండు. డిపో ఏడికి వోతె అమ్మ ఆడికే."

"నీ అయ్య జాగీరా? మా పోరగాళ్ళకు తట్టు వోస్తె సల్లగ సూసింది గీ తల్లి. మీరు జీతానికి ఒచ్చినోళ్ళు, ఇయ్యాల ఈడ, రేపు ఆడ."

"బోగీ కింద పండుకునేది నువ్వా, మేమా? మా పానం కాసేది గీమెనే. గీమెను ఇడిసిపెట్టి గా కొత్త జాగల బండ్ల కిందికి ఎట్ల దూరమంటవ్?"

పెయింటర్ అన్న మధ్యలోకి వచ్చాడు. "తప్పు నాదే అత్తా. నా చెయ్యి ఊకోలే, తేదీ కొట్టిన."

"నువ్వు జర సప్పుడుజెయ్యకు. నీ చేతికి రంగు డబ్బ దొర్కుతె మా ఇంటి బర్రె మీద గూడ తేది రాస్తవ్."

కోపంలోనూ కొందరు నవ్వారు. కానీ ఆ నవ్వు నిలవలేదు. ఆ జాగా చుట్టూ ప్రహరీ కడతారని, తర్వాత బయటివాళ్ళను ఎవరినీ లోపలికి రానివ్వరని మేస్త్రి మామ చెప్పాడు. గోడ పగలగొట్టుకుని వస్తామన్నది అత్త. మాటా మాటా పెరిగింది. ఆఖరుకు రెండు వైపులా అక్క వైపు తిరిగారు. ఆమె ఇల్లు బస్తీలో, జీతం డిపోలో. దీపం పెట్టేది ఆమె.

"ఏమే, నువ్వు జెప్పు. నువ్విటా, అటా?" అన్నది అత్త.

అక్క నూనె గిన్నె కింద పెట్టి, "నన్ను జర సోంచాయించనియ్యండ్రి" అంది. సుద్ద గుర్తును తుడవలేదు. కానీ దాని మీద ఒక బంతిపూల దండ వేసింది.

తర్వాతి రోజుల్లో ఆమె మాట తగ్గింది. ఒక సాయంత్రం వాళ్ళ గడప మీద కూర్చుని పుంటికూర ఆకు తెంపుతుంటే నేను పక్కన కూర్చున్నాను. తనే చెప్పింది.

"ఉంచుకుంటె మన దగ్గర్నే ఉంటది సెల్లె. గని గోడెన్క సీకట్ల ఉంటది. దీపం వెట్టెటోళ్ళు ఉండరు. పంపితె వెల్తుర్ల ఉంటది, నల్గురు మొక్కుతరు. గని నేను రిటైరైనంక రోజు ఎట్ల వోత? గిన్నేండ్ల సంది దినాం సూసిన మొకం."

"మరి ఏం చేద్దామక్కా?"

"గదే సమజైతలే. నా బిడ్డను అత్తగారింటికి తోలిననాడు గూడ పానం గిట్లనే..." అని ఆగిపోయింది. చేతిలో ఆకు అలాగే ఉంది. నా వైపు తిరిగింది. "సెల్లె, బిడ్డను ఊకెనే తోల్తమా? ఒడిబియ్యం వోసి తోల్తం. బస్తీ పుట్టిల్లు, డిపో అత్తగారిల్లు. గట్ల వంపితె?"

మీకు తెలిసిన ఆచారమే. ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ ఒడిలో పోసి కట్టి పంపుతాం. ఒడి నిండిన పిల్ల పుట్టింటిని విడిచిపెట్టినట్టు కాదు. ఆ ఇంటికి మళ్ళీ రావడానికి ఆమెకు హక్కు ఉంటుంది. ఆషాఢంలో మైసమ్మ పుట్టింటికి వస్తుందనే కదా మనం బోనం ఎత్తేది.

ఇక్కడే చిక్కు. ఒడిబియ్యం పోయాల్సింది ముత్తైదువలు. అక్కకు భర్త లేడు. తాను ఆలోచించిన పని తాను చేయడానికి లేదు. అది తెలిసే ఆమె ఇల్లిల్లూ తిరిగింది. నేనూ వెంట వెళ్ళాను. కొందరు సరేనన్నారు, కొందరు అత్త ఏమంటే అదేనన్నారు. అత్త దుకాణం ముందు నేను అక్క వెనకే నిలబడ్డాను.

"నీ నౌకరి ఆడున్నది, అందుకే ఆళ్ళ దిక్కు మాట్లాడుతున్నవ్" అంది అత్త, పప్పు జోకుతూ, తల ఎత్తకుండా. "అయినా ఒడిబియ్యం సంగతి నీకెందుకే? నువ్వు వొయ్యొచ్చునా?"

అక్క మొహం ఒక్కసారి వాడింది. కానీ గొంతు పెంచలేదు.

"నేను వొయ్యరాదనే నీ గడపకు ఒచ్చిన అత్తా. పెద్ద ముత్తైదువవు. నువ్వు రాకుంటె తల్లి ఖాళీ ఒడితోని వోతది. నా మీద కోపం నా మీదనే ఉంచుకో. ఆమె ఒడి నింపు."

అత్త పప్పు పొట్లం కట్టడంలో పడింది. మేము వెనక్కి వచ్చేశాం. దారిలో అక్క ఒకే మాట అన్నది: "ఒస్తదో రాదో సెల్లె. రాకుంటె గా ఒడి నాకు జిందగంత కండ్లల్ల మెదుల్తది."

వెళ్ళే రోజు పొద్దున్నే అక్క ఒక బోగీ మొత్తం తాను ఒక్కతే కడిగింది. సాయం వస్తామన్న వాళ్ళను దూరం పెట్టింది. బోగీ లోపల నేల తుడిచి, ముగ్గు వేసి, బంతిపూలు కట్టింది. మైసమ్మ కొలుపులు చేసే బైండ్లాయన వచ్చి పూజ చేసి, అమ్మవారిని కలశంలోకి పిలిచాడు. రాయిని గద్దె మీది నుంచి మెల్లగా కదిలించి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు చీర కట్టారు. మేము ముత్తైదువలం పళ్ళాలు పట్టుకుని నిలబడ్డాం. అత్త రాలేదు. బండి కదిలే టైము దగ్గర పడుతోంది. మేస్త్రి మామ మాటిమాటికీ సిగ్నలు వైపు చూస్తున్నాడు. అక్క గేటు వైపు చూస్తోంది.

ఇంకా ఆగలేమని మొదలుపెట్టబోతుండగా గేటు దగ్గర కేక.

"ఆగుండ్రే! ఏం తొందరొచ్చిందే మీకు? నేను రాకుంటెనే బిడ్డను తోల్తరా?"

అత్త కొత్త చీర కట్టుకుని, పెద్ద పళ్ళెం నెత్తిన పెట్టుకుని, ఆయాసపడుతూ వచ్చింది. దుకాణంలో ఉన్న మంచి కుడుకలన్నీ ఏరి తెచ్చినట్టుంది. ఎవరి వైపూ చూడకుండా నేరుగా వెళ్ళి మొదటి దోసిలి తనే పోసింది. ఆ తర్వాత ఒక్కొక్కరం పోశాం. అమ్మవారి చీర కొంగు బరువుగా కిందికి జారింది.

అంతా అయిందనుకున్నప్పుడు అత్త చుట్టూ చూసింది. అక్క దూరంగా, నీళ్ళ పైపు దగ్గర నిలబడి ఉంది.

"ఏమే, గాడేం జేస్తున్నవ్?"

"నేనొద్దత్తా. మీరు గానియ్యండ్రి."

"బిడ్డను తోల్తుంటె తల్లి మూలకు నిలబడ్తదా? మేమంత శుక్రారం సుట్టాలం. దినాం దీపం వెట్టింది నువ్వు. రా."

ఎవరో వెనక నుంచి ఏదో గొణిగారు. అత్త అటు తిరిగి, "పాపమైతె నా నెత్తిన వెయ్యుండ్రి. నా నెత్తి పెద్దదే" అంది. అక్క ఇంకా పైపు దగ్గరే ఉంది. నేను వెళ్ళి ఆమె వీపు మీద చెయ్యి వేశాను. "నడువక్కా, నేను ఎన్కనే నిలబడ్త" అన్నాను. ఆమె నా వైపు చూసి, ఏడుస్తూనే నవ్వింది.

సబ్బునీళ్ళకు పగిలిన ఆ చేతులు బియ్యంలోకి వెళ్ళడం నేను చూశాను. దోసిలి నిండా తీసి, ఒక్క గింజ కింద పడకుండా తల్లి ఒడిలో పోసింది. పోసి, ఒడి మూట తనే కట్టింది. ఆచారం ప్రకారం బైండ్లాయన ఆ ఒడిలోంచే కొన్ని దోసిళ్ళు తీసి మా కొంగుల్లో వేశాడు. పుట్టిల్లు ఖాళీ కాకూడదు కదా. ఆ బియ్యంతో ఆ రోజు గల్లీ మొత్తానికి పరమాన్నం వండాం.

అమ్మవారిని బోగీలోకి ఎక్కిస్తుంటే పెయింటర్ అన్న, "టికెట్ తీసిండ్రా మరి?" అన్నాడు. "అమ్మ గూడ స్టాఫే, పాస్ ఉన్నది" అన్నాడు మేస్త్రి మామ. గుడి రేకులు విప్పి ముందే బోగీలో పెట్టారు. వాటి మీద పాత తేదీ అలాగే ఉంది. పెయింటర్ అన్న రంగు డబ్బా పట్టుకుని అక్క దగ్గరికి వచ్చి అడిగాడు. "అక్కా, వాపసు తేది ఏం రాయాలె?" అక్క ఆలోచించను కూడా లేదు. "ఆషాఢం అని రాయి" అంది. ఆయన రాశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బండి కదిలింది. మొన్నటి దాకా గోడ పగలగొడతానన్న అత్త బోగీ పక్కన నాలుగడుగులు నడుస్తూ, "పైలంగ వో బిడ్డా, పైలం" అని చెయ్యి ఊపింది.

ఇదీ జరిగింది. ఆషాఢం మాట తప్పలేదు కూడా. ఆ తర్వాతి ఆషాఢంలో డిపో వాళ్ళు డప్పులు కొట్టుకుంటూ, అలంకరించిన డీసీఎం వ్యానులో అమ్మవారి ఘటం తీసుకుని మన గల్లీకి వచ్చారు. అత్త దుకాణం ముందే మొదటి హారతి. ఆ ఏడే అక్క రిటైర్ అయింది. మంగళవారాలు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సెక్కి, సంచిలో బంతిపూలతో కొత్త డిపోకు పోయేది. మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాక మానేసింది. దిగులుపడుతుందేమో అనుకున్నాను. పడలేదు. "ఇప్పుడు ఆడ వేరే పిల్ల దీపం వెడ్తున్నది సెల్లె. నాకంటె మంచిగ తోముతది. అమ్మ పంటి సందుల కొబ్బరి ఇర్కినా తీస్తదేమో" అని నవ్వింది. "ఇచ్చినంక ఎన్కకు తిరిగి సూసుడు ఎందుకు? బిడ్డ సల్లగున్నది, సాలు."

మొన్న రాష్ట్రం వచ్చిన రోజు గల్లీ అంతా గులాల్ చల్లుకున్నారు. ఎవరో పిల్లలు ఆమె నెత్తిన కూడా చల్లారు. గడప మీద కూర్చుని, ఎర్రటి మొహంతో అందరికీ పంచదార పంచింది. "రాష్ట్రమొచ్చింది, ఎన్కనే ఆషాఢం గూడ ఒస్తున్నది" అంటూ సంబరపడింది. ఆషాఢం రాకముందే పోయింది. కానీ ఏదో మిగిలిపోయిందన్న బాధ ఆ మొహంలో నాకు కనిపించలేదు. నాకూ లేదు. ఆమె నా పక్కింట్లో ఉండడమే దేవుడు నాకు చేసిన దయ అనుకుంటాను.

బిడ్డలారా, ఈ కాగితాలు చదివాక మీ బట్టల పెట్టెలో అడుగున దాచండి. బయట ఎవరికీ చూపించకండి, బస్తీ సంఘం వాళ్ళకు ఇచ్చి చదివించకండి. పొగిడితే ఆమెకు ఒళ్ళు మండేది. మీకు తెలిస్తే చాలు. మీ పిల్లలు అడిగినప్పుడు నోటితో చెప్పండి.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. పోయిన మంగళవారం నేను ఒంటరిగా బస్సెక్కి కొత్త డిపోకు వెళ్ళాను. అక్క పోయిందని తల్లికి చెప్పాలనిపించింది. ఇప్పుడు గుడి ప్లాట్‌ఫాం చివర, వేపచెట్టు కింద ఉంది. నేను దండం పెట్టుకుని కూర్చున్నాను. సరిహద్దు బండి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఇంతలో ఒక నేపాలీ ఆమె చంకలో పిల్లతో పరుగెత్తుకుంటూ వచ్చింది. బండి దగ్గర భర్త పెట్టెలు ఎక్కిస్తూ తొందరపెడుతున్నాడు. మైసమ్మ అని ఆమెకు తెలుసో లేదో. చెప్పులు విడిచి, వంగి, గద్దె మీది కుంకుమ వేలికి అద్దుకుని పిల్ల నుదుట పెట్టింది. మళ్ళీ పరుగు. బండి కదిలాక చూశాను, తలుపు దగ్గర నిలబడ్డ తల్లి భుజం మీది నుంచి ఆ పిల్ల వెనక్కి చూస్తోంది. బొట్టును చిన్న చేత్తో రుద్దేసుకున్నట్టుంది, నుదుటి నుంచి బుగ్గ దాకా ఎర్రగా పాకింది. అలాగే నవ్వుతూ, ఎండలోకి, దూరంగా పోయింది.